వంశధార మీద పెద్ద టోల్ వంతెన కడితే మనకు లాభమా, నష్టమా?

లారీలకు డీజిలు, టైము మిగులుతాయి. పాత రోడ్డు పక్క టీ కొట్లకు బేరాలు పోతాయి. జాతీయ రహదారైతే టోలు లెక్కలో 1 కి.మీ. వంతెనను 10 కి.మీ. రోడ్డుగా లెక్కకడతారు. 2025 జులైలో టోలు నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొత్తం సెక్షన్ (ఆ టోలు కిందికొచ్చే రోడ్డు ముక్క) పొడవుకు 5 రెట్లు, పై లెక్కతో వచ్చే మొత్తం పొడవుకన్నా తక్కువైతే, ఆ 5 రెట్లకే టోలు కడతారు. బైకులకు టోలు లేదు. టోల్‌గేటుకు 20 కి.మీ. లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెల పాసుంది, అడిగి తీసుకోవాలి.

నది సంగతే అసలు పేచీ. పనులకని ఏట్లో పోసిన మట్టిరోడ్డు వానలకు ముందే తీసెయ్యాలి. కాంట్రాక్టర్లు బద్ధకించేది ఇక్కడే! వదిలేస్తే ఒడిశా నుంచి దిగిన వరద ఒక పక్కకే తోసుకొచ్చి గట్టు కోస్తుంది. స్తంభాల మొదట్లో నీరు సుడి తిరిగి ఇసుకను లేపేస్తుంది; దగ్గర్లోనే ఇసుక తవ్వితే పునాది బయటపడుతుంది.