నిర్వచనాలు వచ్చినా నిరూపణ మొదలుపెట్టడం రాకపోతే

నిర్వచనాలన్నీ కంఠతా వచ్చినా, ‘నిరూపించండి’ అన్న ప్రశ్నకు మొదటి వాక్యమే తోచడం లేదని, సుప్రీమంల (సమితిలోని ఏ సంఖ్యా దాటని సంఖ్య దాని ఎగువ హద్దు; ఎగువ హద్దులన్నిటిలో అతి చిన్నది సుప్రీమం) కూడిక లెక్కను ఉదాహరణగా ఇచ్చి మీరు అడిగారు. పర్లాకిమిడిలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా ట్యూషన్ చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు పుస్తకం కావడం వల్లే ఈ ఇబ్బంది అని ఇక్కడి తల్లిదండ్రులు అంటారు గాని, నాకు అలా అనిపించదు. చూపవలసినదేమిటో రాసుకోకుండా, ఇచ్చినదానితో కుస్తీ పట్టడమే అసలు చిక్కు.

మీ లెక్కనే తీసుకుందాం. శూన్యం కాని, ఎగువ హద్దు కలిగిన ఎ, బి అనే వాస్తవ సంఖ్యా సమితులకు ఎస్, టి అనేవి వరుసగా సుప్రీమంలు. ఎ నుంచి ఒకటి, బి నుంచి ఒకటి తీసుకొని కూడగా వచ్చే సంఖ్యలన్నిటి సమితికి ఎస్+టి సుప్రీమం అవుతుందని చూపాలి. అంటే చూపవలసినవి రెండు: ఎస్+టి ఆ సమితికి ఎగువ హద్దు, అంతకంటే చిన్న సంఖ్య ఏదీ ఎగువ హద్దు కాదు. మొదటిది ఒక్క వరుసలో తేలిపోతుంది. రెండోదానికి, ఎప్సిలాన్ అనే ధనసంఖ్య ఏది ఇచ్చినా, ఎస్ నుంచి ఎప్సిలాన్‌లో సగం తీసివేస్తే వచ్చేదానికంటే పెద్ద సంఖ్య ఎ లోను, టి నుంచి అలాగే సగం తీసివేస్తే వచ్చేదానికంటే పెద్దది బి లోను దొరుకుతాయి; ఆ రెండింటి మొత్తం ఎస్+టి−ఎప్సిలాన్‌ను దాటుతుంది. ఆ సగం ఎక్కడి నుంచి ఊడిపడిందని పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు. చివరికి కావలసిన ఎప్సిలాన్‌ను రెండు వాటాలు చేశామంతే. చిత్తులో వెనక్కి నడిచినదాన్నే సాపులో ముందుకు రాస్తాం, పుస్తకాలేమో సాపు మాత్రమే అచ్చువేస్తాయి.

ఒక వాక్యం నిజం కాదని చూపవలసినప్పుడు దాని వ్యతిరేకాన్ని పూర్తిగా రాయండి. వర్గ ప్రమేయం (ప్రతి సంఖ్యకూ దాని వర్గాన్నిచ్చేది) వాస్తవ సంఖ్యలన్నిటి మీద ఏకరూప అవిచ్ఛిన్నం (ఏ ఎప్సిలాన్ ఇచ్చినా, డెల్టా కంటే దగ్గరగా ఉన్న ఏ రెండు సంఖ్యల దగ్గరైనా విలువల భేదం ఎప్సిలాన్ కంటే తక్కువయ్యేలా, అన్నిచోట్లకూ ఒకే ధనసంఖ్య డెల్టా దొరకడం) కాదనాలంటే, ఏదో ఒక ఎప్సిలాన్‌కు ఏ డెల్టా కూడా సరిపోదని చూపాలి. ఎన్ అనే సహజ సంఖ్యతో ఎన్, ఎన్+1/ఎన్ తీసుకుంటే, ఎన్‌ను పెంచుతూ వాటి మధ్య దూరం ఎంతైనా తగ్గించవచ్చు, వర్గాల భేదం మాత్రం 2+1/ఎన్² గనుక ఎప్పుడూ 2 దాటుతుంది.

సమితుల లెక్కల్లో వెన్ చిత్రం గీసి ఊరుకోకూడదు. రెండు సమితుల ఛేదనం (రెండింటిలోనూ ఉన్న మూలకాల సమితి) ప్రతిబింబం (ఆ మూలకాలకు ప్రమేయం ఇచ్చే విలువల సమితి), ప్రతిబింబాల ఛేదనంలో ఎప్పుడూ ఇమిడి ఉంటుంది; సమానం కానక్కరలేదు. ఒక సమితిలో −1, మరోదానిలో 1 మాత్రమే ఉంచి, అదే వర్గ ప్రమేయాన్ని వాడి చూడండి: ఛేదనం శూన్యం, ప్రతిబింబాలు రెండూ ఒకటే.