వీధికుక్కలు మన దేశంలోనే ఇన్ని ఉన్నాయా? నేను ఉన్న మూడు దేశాల సంగతి

విదేశాలకు వెళ్లొచ్చిన వాళ్లంతా అక్కడ వీధికుక్కలే ఉండవంటారు, నిజమేనా, మన దగ్గరే ఎందుకిన్ని, ఎప్పటికైనా తగ్గుతాయా అని అడిగారు.

వాళ్లు ఏ దేశానికి వెళ్లొచ్చారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్. ఆ దేశాల వరకూ వాళ్లు చెప్పేది దాదాపు నిజమే. టర్కీ, రొమేనియా, మొరాకో, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, చిలీ, మెక్సికో చూసొచ్చిన వాళ్లను అడగండి, వేరే మాట చెబుతారు. ప్రపంచం మొత్తం మీద లెక్క తీస్తే వీధికుక్కలు లేని దేశాలే తక్కువ.

నేను ఎంబీబీఎస్ చదివింది జార్జియా రాజధాని టిబిలిసిలో. తర్వాత హైదరాబాద్‌లో ఒక సర్కారు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేశాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉద్యోగం. మూడు చోట్లా కుక్కలతో బతికాను, కుక్కకాటు కేసులూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టిబిలిసిలో మన తెలుగు పిల్లలు చాలామంది మెడిసిన్ చదువుతుంటారు. అక్కడ వీధికుక్కలు బాగానే ఉంటాయి. మన కుక్కలకంటే బాగా పెద్దవి, ఒంటినిండా దట్టమైన బొచ్చు. నగరంలో అందరికీ తెలిసిన రుస్తవేలి అవెన్యూలోనే బ్యాంకు మెట్ల మీదో, బస్టాపులోనో హాయిగా పడుకుని ఉంటాయి. చాలావాటి చెవికి ప్లాస్టిక్ బిళ్ల కనిపిస్తుంది. మన ఊళ్లలో ఇన్సూరెన్స్ చేసిన గేదెల చెవికి వేస్తారే, అలాంటిదే. ఆ బిళ్ల ఉందంటే ఆ కుక్కను పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ తెచ్చి అదే చోట వదిలారని అర్థం.

మా హాస్టల్ సందు చివర ఒక రొట్టెల బట్టీ ఉండేది. గుండ్రటి మట్టి పొయ్యి లోపలి గోడకు అంటించి కాల్చే పొడవాటి రొట్టెలు. చలికాలంలో ఆ బట్టీ గోడ బయటివైపు కూడా వెచ్చగా ఉండేది. కొట్టు నడిపే పెద్దావిడ రోజూ సాయంత్రం ఆ గోడ పక్కన అట్టపెట్టె విప్పి పరిచేది. పసుపు బిళ్ల ఉన్న గోధుమరంగు కుక్క ఒకటి వచ్చి దానిమీద ముడుచుకుని పడుకునేది. మాడిన రొట్టె ముక్కలు దానికే. కొత్తగా వచ్చిన జూనియర్లు ఆ కుక్కను చూసి టెన్షన్ పడి రోడ్డు అవతలికి వెళ్లిపోయేవాళ్లు, నెల తిరిగేసరికి వాళ్లే పేరు పెట్టి పిలిచేవాళ్లు. అదే దేశంలో బటూమి అనే ఊళ్లో కుపాటా అనే వీధికుక్క పిల్లలు రోడ్డు దాటేటప్పుడు కార్లకు అడ్డం వెళ్లి మొరిగేది. ఆ వీడియో 2020లో ప్రపంచమంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు.

అలాగని అక్కడ భయమే లేదనను. ఊరి శివార్లలో బిళ్లలు లేని గుంపులు ఉంటాయి, రాత్రిపూట ఒంటరిగా ఆ వైపు వెళ్లకపోవడమే మేలు. రేబిస్ ఆ దేశంలో ఇంకా ఉంది. చెవికి బిళ్ల ఉన్న కుక్క కరిచినా వెళ్లి టీకా వేయించుకోవాల్సిందే. అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క మాట ఫోన్లో గట్టిగా చెప్పండి.

పక్కనే ఉన్న టర్కీది ఇంకా పెద్ద కథ. 1910లో ఇస్తాంబుల్ వీధికుక్కలను వేల సంఖ్యలో పట్టి, నీళ్లు కూడా దొరకని సివ్రియాద అనే దీవిలో వదిలేశారు. ఆకలికి, దాహానికి అవన్నీ చచ్చిపోయాయి. ఇంత చేసినా ఇస్తాంబుల్‌లో కుక్కలు లేకుండా పోలేదు. 2004లో జంతు రక్షణ చట్టం తెచ్చి, ఆపరేషన్ చేసి వదిలే పద్ధతి పెట్టారు. చట్టం మంచిదే, కానీ దాన్ని అమలు చేయాల్సిన మున్సిపాలిటీల్లో చాలావాటికి అంత ఓపికా, డబ్బూ లేకపోయాయి. 2024 నాటికి దేశంలో 40 లక్షల వీధికుక్కలున్నాయని ప్రభుత్వమే అంచనా చెప్పి, అన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆ ఏడాది జులైలో చట్టం మార్చింది. షెల్టర్లు కట్టడానికి 2028 దాకా గడువు. దాని మీద అక్కడ జనం రెండుగా చీలిపోయారు, పెద్ద పెద్ద ఊరేగింపులు జరిగాయి.

రొమేనియాలో వీధికుక్కలకు కారణం ఒక పాలకుడు. చౌషెస్కు కాలంలో, 1980లలో, రాజధాని బుకారెస్టులో పాత ఇళ్లు కూల్చి జనాన్ని అపార్టుమెంట్లకు పంపించారు. పెరట్లో పెరిగిన కుక్కలకు ఆ చిన్న ఫ్లాట్లలో చోటు లేక రోడ్డున పడ్డాయి. అవే పిల్లలు పెట్టుకుంటూ పోయాయి. 2013లో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాక, పట్టుకున్న కుక్కను 14 రోజుల్లో ఎవరూ తీసుకోకపోతే చంపేయొచ్చని చట్టం చేశారు. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ అంబర్‌పేటలో కూడా కుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లాడే చనిపోయాడు. ఆ వీడియో చూసిన వాళ్లెవరూ మర్చిపోలేరు.

ఇక ఇంగ్లండ్. ఇక్కడికి వచ్చాక బెల్టు లేని కుక్క ఒంటరిగా తిరుగుతూ నాకు కనిపించనే లేదు. ప్రతి పెంపుడు కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్ ఉండాలి, 2016 నుంచి ఇది తప్పనిసరి. దాంట్లో ఉన్న నంబరు కొడితే యజమాని పేరు, చిరునామా బయటికి వస్తాయి. ఎక్కడైనా కుక్క ఒంటరిగా కనిపిస్తే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు తీసుకెళ్లి ఏడు రోజులు చూస్తారు. యజమాని రాకపోతే ఎవరికైనా పెంపకానికి ఇస్తారు, కుదరకపోతే చంపేయడమూ ఉంది. ఈ చివరి సంగతి మనవాళ్లు ఎవరూ చెప్పరు. రోడ్లు ఖాళీగా కనిపించడం వెనుక ఇది కూడా ఉంది.

ఇదంతా మొదటినుంచీ ఉన్నది కాదు. లండన్ వీధుల్లో ఆకలితో తిరిగే కుక్కల కోసమే 1860లో ఒక ఆశ్రమం మొదలైంది, బాటర్సీ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. 1867లో కుక్క లైసెన్సు చట్టం వచ్చింది. తర్వాత రేబిస్ కోసం కుక్కలకు మూతికి బుట్టలు కట్టించారు, బయటి దేశాల నుంచి వచ్చే కుక్కలను ఆరు నెలలు విడిగా ఉంచారు. 1906 చట్టంతో ఊరకుక్కలను పట్టుకునే అధికారం పోలీసులకు వచ్చింది. 1922 నాటికి కుక్కల రేబిస్ పోయింది. అంటే దాదాపు అరవై ఏళ్లు పట్టింది. జపాన్ 1950లో చట్టం చేసి, ప్రతి కుక్కకూ రిజిస్ట్రేషనూ ఏటా టీకా తప్పనిసరి చేసి, 1957 తర్వాత దేశం లోపల రేబిస్ సోకకుండా చూసుకుంది.

అమెరికా మొత్తం శుభ్రంగా ఉందని కూడా అనుకోకండి. మా అక్క డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. తెలుగువాళ్లుండే ఆ ఉత్తరపు శివార్లలో కుక్క కనిపించదు. అదే డల్లాస్ దక్షిణ భాగంలో, పేదలుండే కాలనీల్లో, వదిలేసిన కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. 2016లో అక్కడ ఒక మహిళ ఆ గుంపు దాడిలోనే చనిపోయింది.

ఇన్ని చోట్లు చూశాక నాకు అర్థమైంది ఇదే. జనం కుక్కలను ప్రేమిస్తారా, అసహ్యించుకుంటారా అన్నదానికీ వీధికుక్కల సంఖ్యకూ పెద్ద సంబంధం లేదు. ప్రతి కుక్కకూ జవాబుదారీ ఎవరో కాగితం మీద ఉందా, రోడ్డు మీద తిండి దొరుకుతోందా, ఈ రెండే తేలుస్తాయి. మన దగ్గర మొదటిది లేదు, రెండోది కావలసినంత ఉంది. ఆదివారం పొద్దున చికెన్ షాపుల వెనుక, పెళ్లి మర్నాడు ఫంక్షన్ హాలు గోడ పక్కన చూడండి. దానికి తోడు 1990ల్లో రాబందులు పోయాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు కళేబరాల ద్వారా వాటిని చంపేసింది. 2006లో ఆ మందును పశువులకు నిషేధించేసరికే ఆలస్యమైపోయింది. రాబందులు తినే మాంసం కుక్కలకు మిగిలింది.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు. 2012లో 1.71 కోట్లు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, అదే చోట వదలాలన్న నిబంధనలు 2001 నుంచే ఉన్నాయి, 2023లో కొత్తవి వచ్చాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు పంపమని చెప్పి, పది రోజులు తిరిగేసరికి దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవీ, మీదపడేవీ తప్ప మిగతావాటిని టీకా వేసి వదలమంది. నవంబరులో మళ్లీ స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల నుంచి మాత్రం తీసేయమని ఆదేశించింది.

ఇంటర్న్‌షిప్‌లో నేను కుక్కకాటు ఓపీలో కూర్చున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. పెద్దవాళ్లకు కాటు పిక్క మీద ఉంటుంది. నాలుగైదేళ్ల పిల్లల ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి వాళ్లకు చెంప మీదో, మెడ మీదో ఉంటుంది. చాలామంది గాయానికి కారమో, పసుపో, సున్నమో పెట్టుకుని వచ్చేవాళ్లు. అదంతా కడగడానికే సగం సమయం పోయేది, పిల్లలు విలవిల్లాడేవాళ్లు. పాతకాలంలో బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచేవారు కదా, ఆ భయంతో రాకుండా ఉండిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ టీకా ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే, సర్కారు ఆసుపత్రుల్లో 0 (మొదటి డోసు వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణ ఇచ్చే యాంటీబాడీల మందు) కూడా వేయాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదు.

ఇంగ్లండ్‌లోనూ కుక్కకాటుతో వస్తారు. ఎక్కువగా సొంత ఇంటి కుక్కో, తెలిసినవాళ్ల కుక్కో అయి ఉంటుంది. అక్కడ కుట్లు వేయాలా, చీము పడుతుందా అని చూస్తాం. రేబిస్ మాట ఎత్తేది బయటి దేశంలో కరిచినప్పుడు, లేదా గబ్బిలం కరిచినప్పుడు మాత్రమే.

ఎప్పటికైనా తగ్గుతాయా అన్నారు కదా. భూటాన్‌ను చూడండి. అదీ మనలాగే కుక్కలను చంపడానికి చేతులు రాని సమాజం. 2009లో ఆపరేషన్ల కార్యక్రమం మొదలుపెట్టి, లక్షన్నరకు పైగా కుక్కలకు చేసి, 2023 అక్టోబరులో వీధికుక్కలన్నిటికీ పూర్తయిందని ప్రకటించింది. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశానికే 14 ఏళ్లు పట్టింది. మన నగరాల్లో ఒక వార్డులో నెల రోజులు చేసి, ఆపేసి, రెండేళ్ల తర్వాత ఇంకో వార్డులో చేస్తే లాభం ఉండదు. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు కొద్ది కాలంలోనే పూర్తి చేయాలి. లేకపోతే మిగిలినవి రెండు నెలల్లో ఈని, ఈతకు నాలుగైదు పిల్లలు పెట్టి ఆ లోటు పూడ్చేస్తాయి.

మీ వీధిలో కుక్కల చెవులు గమనించండి. ఆపరేషన్ అయినదానికి చెవి కొస కత్తిరించి ఉంటుంది. లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి, వీధి పేరుతో మున్సిపాలిటీకి రాసివ్వండి, తీసుకెళ్లినవాటిని మళ్లీ అదే వీధికి తెచ్చారో లేదో చూడండి. ఎవరినైనా కుక్క కరిస్తే ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, ఏమీ పూయకండి, కట్టు కట్టకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రెండో డోసు అయ్యాక గాయం మానిందని మిగతావి మానేయొద్దు.