ఉగ్గుపిండి మొదలుపెట్టే ముందు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మాని పసిపిల్లల ఉగ్గుపిండి చేసి అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషంతోపాటు దిగులూ పట్టుకుంది. ముందుగా నాతో ఒక్క మాటైనా అనలేదన్న కోపం కూడా ఉంది, అది కలిసినప్పుడు తీర్చుకుంటాను.

గింజలు ఏరడం, చెరగడం, కడిగి ఎండబెట్టడం నీకు చెప్పనవసరం లేదు. బూజు వాసన ఉన్న వేరుశనగపప్పును మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. పాళ్లకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి ‘హైదరాబాద్ మిక్స్’ మంచి ఆధారం: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఆ 86 గ్రాములలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తులలో ఒక ముఖ్య భాగమై, గోధుమలో కొరవడిన లైసిన్‌ను పప్పు పూరిస్తుంది.

నా భయమంతా నువ్వు కలుపుతానన్న సోయా గురించే. నేను అంగన్‌వాడీ పర్యవేక్షకురాలిగా ఉన్న రోజుల్లో ఒక మహిళా సంఘం వారు, పిండి తెల్లగా ఉంటేనే అమ్ముడుపోతుందని, సోయా గింజలను ఎండలో ఆరబెట్టి పచ్చిగానే మర ఆడించారు. కొద్ది రోజులకే పిల్లలకు కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటే అందరూ బోరు నీటిని తప్పుపట్టారు. క్లోమం నుంచి వచ్చి మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైమ్ ట్రిప్సిన్. పచ్చి సోయాలో దాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి కనుక, డబ్బా మీద ఎన్ని గ్రాములు రాసుకున్నా బిడ్డకు అరిగేది తక్కువే. పచ్చి సోయా తిన్న ఎలుకలు సరిగా ఎదగవనీ, ఉడికించి పెడితే ఎదుగుతాయనీ అమెరికా శాస్త్రవేత్తలు ఆస్బర్న్, మెండెల్ 1917లోనే చూపించారు. సంగతి తెలిశాక ఆ సంఘం వారు బెదిరిపోయి, గింజలను ముదురు రంగు వచ్చేదాకా వేయించి, బెల్లాన్ని వేడి మూకుట్లోనే కలపసాగారు. కమ్మని వాసనకు తల్లులు మురిసిపోయారు. ఆ రంగూ వాసనా చాలావరకు మాంసకృత్తులు చక్కెరలతో కలవడం వల్ల వచ్చేవే. అలా చిక్కుకున్న లైసిన్ ఒంటికి పట్టదు. ఆ పిల్లల బరువు అనుకున్నంతగా పెరగలేదు. దానికి ఇదొక్కటే కారణమని నేను అనను కానీ, సోయా కలిపిన ఫలితం కొంత మూకుట్లోనే పోయిందన్నది మాత్రం నిజం.

కాబట్టి సోయాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మరిగే నీళ్లలో 20 నిమిషాలు ఉడికించి, పొట్టు తీసి, బాగా ఎండాక సన్నని సెగమీద దోరగా వేయించు. పొడి వేడికన్నా తడి వేడి ట్రిప్సిన్‌కు ఉన్న ఆ అడ్డును బాగా తీస్తుంది. గింజను కొరికితే పచ్చివాసన రాకూడదు, విరిస్తే లోపల లేత పసుపు రంగే కనబడాలి. బెల్లం పొడిని పిండి పూర్తిగా చల్లారాకే కలుపు.

మీ అత్తగారు జొన్నలు కలపమన్నారట. వారిమీద గౌరవంతోనే చెబుతున్నాను, జొన్నలోని మాంసకృత్తి నీళ్లలో ఉడికినకొద్దీ అరగడం కష్టమవుతుంది. పులియబెడితే కొంత నయం. దానికి బదులు మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు వాడితే జావ పలచబడి, చిన్న పొట్టలో ఎక్కువ పిండి ఇముడుతుంది.

మర ఆడించే ముందు వేయించిన సోయా గింజలు గుప్పెడు పొట్లం కట్టి మీ తమ్ముడి చేత పంపు, కొరికి చూసి చెబుతాను. పొయ్యి దగ్గర రాత్రిళ్లు ఒక్కదానివే కూర్చోకు తల్లీ.

ఇట్లు,
మీ పెద్దమ్మ