శొంఠి కాఫీ మందులా కాకుండా రావాలంటే

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "అత్తా, నువ్వు చెప్పినవన్నీ వేశాను, పది నిమిషాలు మరిగించాను, అయినా మందు తాగినట్టే ఉంది" అన్నావు చూడు, ఆ పది నిమిషాల మాట దగ్గరే నాకు విషయం తెలిసిపోయింది. ఫోన్‌లో చెబితే కొలతలు గుర్తుండవని ఇలా రాస్తున్నాను.

శొంఠి, మిరియాలు, ధనియాలు మరగాలి. కాఫీ పొడి మరగకూడదు. నువ్వు అన్నీ ఒకేసారి వేసి మరిగించావు. పొడి అంతసేపు కుతకుతలాడితే వగరూ చేదూ మొత్తం నీళ్లలోకి దిగిపోతాయి, మనకు కావాల్సిన వాసనేమో ఆవిరితో పోతుంది. ఆ చేదు తగ్గాలని ఇంకో రెండు ముక్కలు బెల్లం వేస్తాం. ఇక అందులో కాఫీ ఎక్కడుంటుంది?

పాడేరు బడిలో చేరిన మొదటి ఏడాది నేనూ ఇలాగే చేశాను. డిసెంబరు నెల. పొద్దున తొమ్మిదైనా పొగమంచు విడిచేది కాదు. పక్క క్వార్టర్లో కేరళ నుంచి వచ్చిన నర్సు ఉండేది. వాళ్లు దీన్ని చుక్కు కాపి అంటారు, చుక్కు అంటే శొంఠే. నేనిచ్చిన గ్లాసు ఒక్క గుక్క తాగి పక్కన పెట్టి, మాటా పలుకూ లేకుండా మా వంటింట్లోకి వచ్చి మళ్లీ గిన్నె పెట్టింది. ఆరోజు ఆవిడ చేసినట్టే ఈ ముప్పై ఏళ్లూ చేస్తున్నాను. ధనియాలు మాత్రం ఆవిడకంటే కాస్త ఎక్కువ వేస్తాను.

ఇద్దరికి చెబుతున్నాను, రాసుకో. పెద్ద గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్లు, అంటే దాదాపు 400 మిల్లీలీటర్లు. బొటనవేలి గోరంత శొంఠి ముక్క, అయిదు మిరియాలు, ఒక టీస్పూను ధనియాలు, ఒక యాలక్కాయ, 30 గ్రాముల బెల్లం, నాలుగు తులసాకులు. కాఫీ పొడి రెండు టేబుల్ స్పూన్లు, తలగొట్టి.

శొంఠిని మిక్సీలో పొడి చెయ్యకు. మెత్తటి పొడి వడకట్టులోంచి జారి గ్లాసు అడుగున మడ్డిలా చేరుతుంది, చివరి గుక్క గొంతులో గీరుకుంటుంది. చిన్న రోట్లో వేసి రెండు దెబ్బలు వెయ్యి, చాలు. ముక్క నాలుగైదుగా విరిగి లోపలి పీచు కనబడాలి. మిరియాలూ అంతే, ఒక్కోటి రెండు చెక్కలైతే సరి. ధనియాలను ఉత్త మూకుడులో వేయించి, రంగు మారకముందే, వాసన రాగానే దించెయ్యి. చాలామంది ధనియాలు ఎందుకులే అని వదిలేస్తారు. కానీ శొంఠి, మిరియాల ఘాటు గొంతుకి అడ్డం పడకుండా మెత్తబరిచేవి అవే.

మిరియాలు కొన్నప్పుడు గుప్పెడు నీళ్లలో వేసి చూడు. ఒకసారి విశాఖలో ఒక దుకాణంలో కొన్న పావుకిలోలో సగం బొప్పాయి గింజలే వచ్చాయి, నాకు చాలా బాధేసింది. మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది.

ఇప్పుడు బెల్లం. తెల్లగా, పసుపుగా మెరిసేది చూసి మోజుపడకు. ఆ రంగు కోసం హైడ్రోస్ లాంటి రసాయనాలు కలుపుతుంటారు. ముదురు రంగుది తీసుకో. నేను అనకాపల్లి బెల్లమే వాడతాను. తాటిబెల్లం దొరికితే ఇంకా మంచిది, ఈ కాఫీకి దాని రుచే వేరు. ఏ బెల్లమైనా ముందు కాసిని వేడినీళ్లలో కరిగించి వడకట్టు. అడుగున ఇసుక, చెరకు పిప్పి ఎంత దిగుతాయో నువ్వే చూస్తావు.

గిన్నెలో నీళ్లు, దంచినవి, ధనియాలు, నలిపిన యాలక్కాయ వేసి మంట తగ్గించి ఆరేడు నిమిషాలు మరగనివ్వు. నీళ్లు లేత తేనె రంగుకి వస్తాయి, మూత తీస్తే శొంఠి ఘాటు ముక్కుకి తగులుతుంది. అప్పుడు బెల్లం నీళ్లు పోసి, ఒక్క పొంగు రాగానే స్టవ్ కట్టెయ్యి. బుడగలు ఆగేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాతే కాఫీ పొడి, తులసాకులు. పొడి పడగానే పైన గోధుమరంగు నురుగు టోపీలా లేస్తుంది. చెంచాతో ఒక్కసారి తిప్పి మూత పెట్టు. నాలుగు నిమిషాలు, అంతకంటే వద్దు. మూత తీసి చెంచాడు చన్నీళ్లు పైన చిలకరిస్తే పొడి అడుగుకి దిగుతుంది. ఆ తర్వాత గిన్నె కదపకుండా పైతేట వడకట్టుకో.

పొడి విషయానికొస్తే, మీ ఇంట్లో ఫిల్టర్‌కి వాడేది దీనికి పనికిరాదు. ప్యాకెట్ మీద చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, ఎంత శాతమో రాసి ఉంటుంది, చూడు. పాలు పోసుకునే కాఫీకి చికోరీ చిక్కదనం బాగుంటుంది, పాలు లేనప్పుడు మాత్రం అది చేదుగా పైకి తేలుతుంది. చికోరీ లేని అరబికా రకం పొడి తెచ్చుకో. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది. పాడేరు చుట్టూ తోటల్లో పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు ఉంటాయి. మిరియమూ కాఫీ గింజా ఒకే నీడన పెరగడం కళ్లారా చూశాను కాబట్టి, గిన్నెలో ఆ రెండూ కలిస్తే నాకేమీ కొత్తగా అనిపించదు. అల్లమూ ఆ కొండల్లోనే పండుతుంది. బెల్లం ఒక్కటే ఘాట్ దిగి తెచ్చుకోవాలి.

పాలు పోద్దామని మీ ఆయన అడిగితే ఒప్పుకోకు. బెల్లంతో మరిగే పాలు విరిగే ప్రమాదం ఉంది, అదలా ఉంచితే తులసి వాసనా చచ్చిపోతుంది.

ఇంకొకటి, ఇది మర్చిపోకు. డాక్టరమ్మ నీకు ఐరన్ మాత్రలు రాసిందని మీ అమ్మ చెప్పింది. కాఫీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. మాత్రకీ కాఫీకీ మధ్య రెండు గంటలైనా ఎడం పెట్టు, అన్నం తిన్న వెంటనే కూడా తాగకు. మీ నాన్నకి బెల్లమే కదా అని ఇవ్వొద్దు. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లమైనా పంచదారైనా ఒకటే. ఆయనకి బెల్లం వెయ్యనిది విడిగా తియ్యి, ధనియాలు ఉన్నాయి కాబట్టి తాగగలడు.

ఆఫీసు రోజుల్లో ఇంత చెయ్యడానికి టెన్షన్ పడకు. ఆదివారం శొంఠి నీళ్లు బెల్లంతో సహా మరిగించి, వడకట్టి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. మూడు నాలుగు రోజులు బాగుంటాయి. పొద్దున గ్లాసుడు వేడి చేసి, దించి, పొడి వేసుకుంటే అయిపోతుంది.

నాలుగు శొంఠి కొమ్ములు, కాసిని మిరియాలు పార్సిల్ చేశాను. శుక్రవారానికి అందుతాయి. కొమ్ముల మీద తెల్లగా ఉన్నది సున్నం, చాకుతో గీకేసి వాడుకో. ఆదివారం చేసి, ఎలా వచ్చిందో ఫోన్ చెయ్యి.

మీ అత్త