మూడు సెంట్లలో బుల్లి ఇల్లు పెడతానన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

కళింగపట్నం దారిలో మూడు సెంట్లు చూశావనీ, ఫ్యాక్టరీలో చేసిన గది లారీ మీద తెప్పించి దింపుతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ జీతంతో, నీ పేరున ఇల్లు! వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చక్రాల మీద ఉంటే ప్లాను అక్కర్లేదని ఎవరో అన్నారట. నమ్మకు. మన రాష్ట్రంలో బుల్లి ఇళ్లకని వేరే చట్టం లేదు. మనిషి కాపురం ఉంటే అది ఇల్లే. మూడు సెంట్లంటే 145 గజాలు. చుట్టూ వదలాల్సింది వదిలితే ఎంత మిగులుతుందో లైసెన్సున్న ఇంజనీరు చేత గీయించు. ఊరు సుడా (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడుగు. సముద్రం పోటు గీతకి 500 మీటర్ల లోపలైతే సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత కట్టడాల నిబంధనలు కూడా ఉంటాయి.

నా అసలు భయం నేల గురించి. మీ చినమావయ్య ఉద్దానంలో ఇలాగే రెండు సెంట్లు కొన్నాడు. నేనప్పుడు పార్వతీపురంలో సర్వే ఉద్యోగంలో ఉన్నాను, నన్నడగలేదు. అమ్మినవాడు చూపింది డి-పట్టా, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు నేల పట్టా. మడతల దగ్గర చిరిగిన కాగితం, దాని మీద సన్నక్షరాల్లో షరతు: వారసులు అనుభవించవచ్చు గానీ అమ్మకూడదు. అది చదవలేదు. ఈసీ, అదే రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చే లావాదేవీల పత్రం, తీయిస్తే ఏ లావాదేవీ లేదని వచ్చింది, క్లియర్‌గా ఉందని సంబరపడ్డాడు. లావాదేవీ ఎందుకుంటుందమ్మా? రిజిస్టరైన దస్తావేజులే కదా ఈసీలో కనిపించేవి. ఎన్నడూ రిజిస్టరు కాని అసైన్డు నేలకి ఈసీ ఖాళీగానే వస్తుంది. స్టాంపు కాగితం మీద రాయించుకున్నాడు, మీ అత్త గాజులమ్మి రెండు గదులు వేశాడు, ఏటా ఇంటిపన్ను కట్టి రసీదులు ఇనప్పెట్టెలో దాచాడు. కూతురి పెళ్లికి అప్పు కోసం బ్యాంకుకెళితే తెలిసింది, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని నేలల జాబితాలో ఉందని. అసైన్డు నేలల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలే చెల్లదు, పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఆ తర్వాత ఎవరు తలుపు తట్టినా నోటీసేమోనని ఉలిక్కిపడేవాడు. మీ అత్త మట్టిగాజులతోనే పెళ్లిపీటల మీద కూచుంది.

2023లో ఆ చట్టం మారింది, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే భయం లేదని బ్రోకరు చెబుతాడు. ఆ సవరణ అసలు పట్టాదారుకీ, అతని వారసులకీ. నీ నంబరు 22ఏ లోంచి తీశారా లేదా, అదొక్కటే నీకు కావాలి.

ఇంకొకటి గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ కొట్టినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. వేళ్లతో సహా కొబ్బరిచెట్లు లేచిపోయిన నేల మనది. తేలిక గదిని దిమ్మెల మీద ఊరికే నిలబెట్టి అందులో నువ్వొక్కదానివీ పడుకుంటావా? ఒప్పుకోను. కాంక్రీటు పునాదిలో బోల్టులు పాతి బిగించాలి. మన తీరానికి భారత ప్రమాణం చెప్పే మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ లెక్కకి తట్టుకుంటుందని కంపెనీ చేత రాయించుకో.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. సబ్‌డివిజన్‌తో సహా సర్వే నంబరు, లింకు దస్తావేజులు ఫొటో తీసి పంపు. 22ఏ జాబితా, పాత రికార్డు నేను చూస్తాను. ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే కొలతల పటం తీయించి, వచ్చి గట్లు కొలుస్తాను. అంతవరకూ అడ్వాన్సు, టోకెను, ఏ పేరుతో అడిగినా రూపాయి ఇవ్వకు.

మీ మావయ్య