సముద్రానికి సరిహద్దా, మేరా?

సందేహం: న్యాయసంబంధమైన కాగితాలను తెలుగులోకి అనువదిస్తుంటాను. సముద్ర పటాల్లో 12 నాటికల్ మైళ్ల దగ్గరా 200 నాటికల్ మైళ్ల దగ్గరా గీసే గీతలన్నిటినీ ‘సముద్ర సరిహద్దు’ అనవచ్చునా? ‘సముద్రతలం’ అంటే నీటి అడుగునున్న నేలేనా?
– ఒక పాఠకురాలు, అడయారు, చెన్నై

సమాధానం: అన్నిటినీ అనకూడదు. పొలం దస్తావేజులో తూర్పున ఫలానావారి కొబ్బరితోట, ఉత్తరాన పంటకాలువ అంటూ అవతల ఏముందో చెప్పి గాని హద్దులు తేల్చరు. ఫారసీ ‘సర్‌హద్’ నుంచి వచ్చిన సరిహద్దుకూ అవతలివాడు ఉండాలి. 1974, 1976 ఒప్పందాలతో భారత్, శ్రీలంకల మధ్య నిర్ణయమైన గీత అటువంటిది. దాన్ని నిస్సందేహంగా సరిహద్దు అనవచ్చు. చెన్నైకి నేరుగా తూర్పున 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కిలోమీటర్లు వెళ్లినచోట మాత్రం పొరుగుదేశమేదీ లేదు. మన ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే చేపలు, ఖనిజాల వంటి సముద్ర సంపదపై మనకే హక్కున్న ప్రాంతం, అక్కడితో ముగుస్తుంది, అంతే. దానికి ‘మేర’ చక్కగా అమరుతుంది. ‘రెండు కిలోమీటర్ల మేర రోడ్డు వేశారు’ అని రోజూ అంటున్నదే, పొలిమేరలో ఉన్నదే. తమిళంలో ‘ఎల్లై’ ఈ రెండర్థాలకూ చెల్లుతుంది గనుక చెన్నైలో ఉన్న మీకు ఈ చిక్కు వచ్చిందేమో! మన ‘ఎల్ల’ ఇప్పుడు ‘ఎల్లలు లేని ఆనందం’ వంటి చోట్లే ఎక్కువగా మిగిలింది, దస్తావేజుకు పనికిరాదు.

ఇంకొక జాగ్రత్త. ‘తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు’ అని రాస్తే ఎక్కడి నుంచి కొలవాలో తేలదు, ఎందుకంటే మెరీనాలో పోటు నీరు తాకే చోటు వేరు, ఆటు నీరు వెనక్కి తగ్గే చోటు వేరు. మామూలుగా ఆటు నీటి గీతనే ఆధారరేఖగా తీసుకుంటారు. కాబట్టి ‘ఆధారరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల మేర ప్రాదేశిక జలాలు’ అనండి. ‘ఆర్థిక మండలి’ అని మాత్రం రాయకండి, శాసనమండలిలా అదేదో సభ అనిపిస్తుంది.

ఇక ‘తలం’. సంస్కృతంలో దానికి అడుగు అనే అర్థం ఉన్నా, ఉపరితలం, సమతలం అని అలవాటుపడిన తెలుగు పాఠకుడు సముద్రతలమంటే నీటి పైభాగమనే అనుకుంటాడు. ‘సముద్రగర్భం’ వార్తలకు సరిపోతుంది గాని, అది నీటినీ నేలనూ కలిపేస్తుంది. ఖండతీరపు అంచును, అంటే తీరం నుంచి నీటి అడుగున సాగే నేలను, నిర్వచించిన మన దేశపు 1976 చట్టం సముద్రపు అడుగును, దాని కిందనున్న నేలను వేరువేరుగా పేర్కొంటుంది. ఖనిజాల తవ్వకానికి అనుమతిచ్చే కాగితంలో ఆ రెండో మాట జారిపోతే హక్కు ఇసుక పైపొర దగ్గరే ఆగిందని వాదించడానికి సందు దొరుకుతుంది. అందుచేత కొంచెం పొడవైనా ‘సముద్రపు అడుగు, దాని కింది నేల’ అనే రాయండి.