టెక్ సందేహాలు: 85 మార్కుల గేమ్ చేతిలోకి రాగానే మసకెందుకు?

ప్రశ్న: హాస్టల్లో టీవీ లేదు కాబట్టి నింటెండో స్విచ్‌ని ఎప్పుడూ చేతిలో పట్టుకునే ఆడతాను. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు వేసే మెటాక్రిటిక్ సైట్‌లో 85 ఉందని చూసి ‘ద విచర్ 3’ తీసుకున్నాను. కాస్త దూరంలో ఉన్నవన్నీ మసక మసకగా ఉన్నాయి. రాతలు చదవాలంటే కళ్లు చికిలించాలి. హ్యాండ్‌హెల్డ్ గేమ్‌లకు ఈ రివ్యూయర్లు న్యాయంగానే మార్కులు వేస్తున్నారా, లేక కంపెనీల దగ్గర డబ్బులు తీసుకుంటున్నారా?
– ఓ ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: డబ్బుల దాకా వెళ్లనక్కర్లేదు. ఆ 85 ఎలా ఆడితే వచ్చిందన్న దగ్గరే తేడా ఉంది.

స్విచ్ ఒకటే అయినా అందులోని గ్రాఫిక్స్ చిప్ రెండు రకాలుగా నడుస్తుంది. డాక్ అనే స్టాండ్‌లో పెట్టి టీవీకి కలిపితే వేగం 768 మెగాహెర్ట్జ్. చేతిలోకి తీసుకుంటే బ్యాటరీ ఆదా కోసం, వేడెక్కకుండా ఉండటం కోసం 307 నుంచి 460 మధ్యకి దిగిపోతుంది. ఎక్కువలో ఎక్కువ అరవై శాతం బలం. ఆ లోటు సర్దుకోవడానికి గేమ్ తన రిజల్యూషన్ (బొమ్మలోని పిక్సెళ్ల లెక్క) తగ్గించుకుంటుంది. విచర్ 3 టీవీ మీద గరిష్ఠంగా 720పీ, చేతిలో గరిష్ఠంగా 540పీ. మీ స్క్రీన్ మీద ఉన్నవి 1280×720, అంటే 9,21,600 పిక్సెళ్లు. 540పీకి గేమ్ గీసేవి 5,18,400. స్క్రీన్‌లో 56 శాతానికి సరిపడా బొమ్మ గీసి, దాన్నే మిగతా చోటంతటికీ సాగదీస్తోందన్నమాట. సీన్‌లో రద్దీ పెరిగితే ఆ 540 కూడా నిలవదు. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం బాగానే ఉండి, వెనకున్న చెట్ల కొమ్మలు, గడ్డి అలికేసినట్టు కనిపించడం ఇందుకే. సన్నటి గీతలకే పిక్సెళ్లు ఎక్కువ కావాలి.

మరి రివ్యూ వీడియోల్లో ఇది ఎందుకు కనబడదు? స్విచ్ నుంచి వీడియో బయటికి రావాలంటే అది డాక్‌లో ఉండాల్సిందే. చేతిలో ఉన్నప్పుడు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ ఉండదు. మెషీన్ మీదున్న క్యాప్చర్ బటన్ చివరి 30 సెకన్లు మాత్రమే దాస్తుంది. అందుకని మీరు యూట్యూబ్‌లో చూసే ఫుటేజీ దాదాపు అంతా టీవీ మోడ్‌లోదే. రాసేవాళ్లలో శ్రద్ధ ఉన్నవాళ్లు రెండు విధాలుగానూ ఆడి, హ్యాండ్‌హెల్డ్ గురించి ఓ పేరా విడిగా రాస్తారు. కానీ చివర్లో వేసే అంకె ఒక్కటే. రెండు అనుభవాలకీ కలిపి వేసిన అంకె అది. టీవీ లేనివాడికి అందులో సగం పనికిరాదు.

అక్షరాల సంగతి వేరు. టీవీకి ఆరేడు అడుగుల దూరంలో కూర్చుంటారని లెక్కేసి పెట్టిన మెనూలనే 6.2 అంగుళాల స్క్రీన్‌లోకి కుదించేస్తారు. స్టీమ్ డెక్ అనే తన చేతి పీసీ కోసం వాల్వ్ కంపెనీ పెట్టుకున్న నియమం చూడండి: 1280×800 స్క్రీన్‌పై ఏ అక్షరమూ 9 పిక్సెళ్ల కన్నా పొట్టిగా ఉండకూడదు. ఏడంగుళాల స్క్రీన్ మీద 9 పిక్సెళ్లంటే సుమారు ఒక మిల్లీమీటరు. కనీస నియమమే అంత చిన్నది, ఆ నియమం లేనిచోట ఎలా ఉంటుందో మీకు అనుభవమే. ప్రస్తుతానికి ఓ ఉపాయం: సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’లోకి వెళ్లి ‘జూమ్’ ఆన్ చేయండి. తర్వాత ఏ గేమ్‌లోనైనా హోమ్ బటన్‌ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కి, ఎక్స్‌తో పెద్దది, వైతో చిన్నది చేసుకోవచ్చు. ఉత్తరాలు, పుస్తకాలు చదవడానికి సరిపోతుంది. కొట్లాట మధ్యలో పనికిరాదు.

ఇకమీదట కొనేముందు నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో డెమో ఉంటే దించుకుని చేతిలోనే ఆడి చూడండి. లేకపోతే గేమ్ పేరుతో పాటు ‘హ్యాండ్‌హెల్డ్ మోడ్’ అని వెతికి, కెమెరాని స్విచ్ స్క్రీన్ ముందు పెట్టి తీసిన వీడియో చూడండి. నాణ్యత నాసిగా ఉన్నా మీకు కావలసిన సాక్ష్యం అదే.

చిన్న స్క్రీన్ అంటే విమర్శకులకు చిన్నచూపు అని చాలామంది నమ్మకం. అంకెలు చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్’ 2005లో సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ మీద వచ్చినప్పుడు మెటాక్రిటిక్ 88. అదే గేమ్ 2006లో ప్లేస్టేషన్ 2 మీదికి, అదీ తక్కువ ధరకి వస్తే 78. దాని తర్వాతి ‘వైస్ సిటీ స్టోరీస్’ కూడా అంతే: పీఎస్‌పీలో 86, పీఎస్2లో 75. కథ అదే, ఊరు అదే. పది మార్కులు ఎక్కడికి పోయాయి? పీఎస్‌పీలో దాని పోటీ జేబులో పట్టే మిగతా గేమ్‌లతో. పీఎస్2 మీద మాత్రం 2004లోనే వచ్చిన ‘శాన్ ఆండ్రియాస్’ పక్కన నిలబడాల్సి వచ్చింది. జపాన్ పత్రిక ‘ఫమిత్సు’లో నలుగురు రివ్యూయర్లు తలా పదికి మార్కులు వేస్తారు. అక్కడ నింటెండో చేతి కన్సోల్ డీఎస్‌లో వచ్చిన ‘నింటెండాగ్స్’, పీఎస్‌పీలో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్: పీస్ వాకర్’ నలభైకి నలభై తెచ్చుకున్నాయి. హ్యాండ్‌హెల్డ్ కాబట్టి మార్కులు కోశారన్న వాదన నిలబడదు. ఉంటే గింటే కాస్త చేయి జారి వేశారు.

నా దృష్టిలో ఆ ఉదారతే సరైన పద్ధతి. పీఎస్‌పీ కొన్నవాడికి పీఎస్‌పీలో ఏది బాగుంటుందో తెలిస్తే చాలు. 2017లో స్విచ్ వచ్చి ఆ గీత చెరిపేసింది. ఇప్పుడు ఒకే గేమ్ టీవీకీ చేతికీ, పోలిక ఏమో ప్లేస్టేషన్‌తో, మార్కు ఏమో ఒక్కటే. 2005 నాటి 88 చేతిలో ఆడేవాడి కోసం వేసినది. మీరు నమ్మిన 85 అలాంటిది కాదు.

ప్రశ్న: నా దగ్గర ఆసుస్ ఆర్‌ఓజీ అలై (జెడ్1 ఎక్స్‌ట్రీమ్) అనే చేతి గేమింగ్ పీసీ ఉంది. ‘బాల్డర్స్ గేట్ 3’కి పీసీలో 96 ఉందని కొన్నాను. మొదట్లో బాగానే నడిచింది, మూడో అంకంలో నగరంలోకి వచ్చాక తెగ తడబడుతోంది. గ్రాఫిక్స్ అన్నీ ‘లో’లో పెట్టినా లాభం లేదు. ఇలాంటివి ముందే ఎలా తెలుసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ మెషీన్‌కి మెటాక్రిటిక్‌లో అసలు గడే లేదు. స్టీమ్ డెక్, అలై, లీజన్ గో అన్నీ ‘పీసీ’ కిందికే వస్తాయి. పీసీ రివ్యూ రాసేవారి బల్ల మీద ఉండేది పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్. ఆ 96లో మీ అలైకి వాటా లేదు.

తడబాటు సంగతి. నగరంలో వందలాది మనుషులు తిరుగుతుంటారు, ఎవరు ఎటు నడవాలో లెక్కేసేది ప్రాసెసర్ (సీపీయూ). బరువంతా సీపీయూ మీద ఉన్నప్పుడు గ్రాఫిక్స్ తగ్గించినా, ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మని పెద్దది చేసే సెట్టింగ్) ఆన్ చేసినా ఊరట ఉండదు, ఎందుకంటే అవి తగ్గించేది గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) పనిని. రివ్యూయర్లు, బెంచ్‌మార్క్ చేసేవాళ్లు ఎక్కువగా కొలిచేది మొదటి కొన్ని గంటలే. పెద్ద గేమ్‌లలో అసలు బరువు చివర్లో ఉంటుంది. ఈ గేమ్‌కి వాల్వ్ ఇచ్చిన ‘డెక్ వెరిఫైడ్’ ఆకుపచ్చ టిక్ కూడా ఉంది, అయినా డెక్ మీద మూడో అంకం 30 ఫ్రేముల కిందికి పడేది. 2025 సెప్టెంబరులో తయారీదారులు డెక్ కోసం ప్రత్యేకంగా, దాని సొంత సిస్టమ్ మీదే నేరుగా నడిచే నేటివ్ వెర్షన్ ఇచ్చారు. మీ విండోస్ అలైకి అది వర్తించదు.

మీరు చేయగలిగింది: స్క్రీన్ ఎడమ పక్కనున్న కమాండ్ సెంటర్ బటన్ నొక్కి ‘ఆపరేటింగ్ మోడ్’ని ‘టర్బో’కి మార్చండి. 15 వాట్ల ‘పెర్ఫార్మెన్స్’ మోడ్‌లో సీపీయూ, జీపీయూ ఒకే కరెంటును పంచుకుంటాయి. టర్బోలో బ్యాటరీ మీద 25, ఛార్జర్ పెడితే 30 వాట్లు. (ఈ వాట్ల హద్దునే సెట్టింగ్స్‌లో టీడీపీ అంటారు. పార్టీతో సంబంధం లేదు.) తర్వాత అదే మెనూలో ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) లిమిటర్‌ని 30కి బిగించండి. ఒక ఫ్రేమ్ 25 మిల్లీసెకన్లు, తర్వాతది 40 అయితే కంటికి కుదుపు తెలుస్తుంది. ప్రతి ఫ్రేమూ కచ్చితంగా 33 మిల్లీసెకన్లకి వస్తే, సగటు తగ్గినా ఆట సాఫీగా అనిపిస్తుంది. ‘రియల్ టైమ్ మానిటర్’ ఆన్ చేసి చూడండి: జీపీయూ వాడకం 60, 70 శాతం దగ్గరే ఉండి ఫ్రేములు పడుతుంటే సీపీయూ అడ్డు. 99 దగ్గర ఉంటే గ్రాఫిక్స్ తగ్గించడం పనిచేస్తుంది. కొన్ని గేమ్‌లలో గోడలు, బట్టలు మొదట మసకగా ఉండి ఆలస్యంగా తేటపడతాయి. అది గ్రాఫిక్స్ మెమరీ చాలక. అలైలోని ఆర్మరీ క్రేట్ యాప్‌లో జీపీయూకి కేటాయించిన మెమరీని 4 జీబీ నుంచి 6కి పెంచి రీస్టార్ట్ చేయండి.

బ్యాటరీకి ఎవరూ మార్కులు వేయరు, కాబట్టి మీరే భాగాహారం చేసుకోవాలి. అలైలో 40 వాట్‌అవర్ల బ్యాటరీ. చిప్‌కి 15 వాట్లు, స్క్రీన్, ఫ్యాన్, వైఫై కలిపి మొత్తం 22 వాట్లు లాగిందనుకుంటే గంటా నలభై తొమ్మిది నిమిషాలు. టర్బోలో గంటా పావు నిలిస్తే గొప్ప. సికింద్రాబాద్‌లో రైలెక్కితే వరంగల్ చేరేలోపే ఛార్జర్ వెతుక్కోవాలి.

కొనేముందు చూడాల్సింది వాల్వ్ నడిపే గేమ్‌ల దుకాణం స్టీమ్‌లో ఆ గేమ్ పేజీ. కింద యూజర్ రివ్యూల దగ్గర ‘ప్లేటైమ్’ మెనూ తెరిచి ‘ప్లేయ్డ్ మోస్ట్‌లీ ఆన్ స్టీమ్ డెక్’ ఎంచుకోండి. డెస్క్‌టాప్ వాళ్లు పక్కకి తప్పుకుని, మీలాంటి మెషీన్ మీద ఆడినవాళ్ల మాటే మిగులుతుంది. మీ అలై టర్బోలో డెక్ కన్నా వేగమైనదే కాబట్టి, అక్కడ సాఫీగా ఉన్నది మీ దగ్గరా ఉంటుందని చాలావరకు నమ్మవచ్చు. ఒక్క మినహాయింపు షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు): డెక్‌కి వాల్వ్ వాటిని ముందే తయారుచేసి పంపుతుంది, విండోస్‌లో గేమే కూర్చుని తయారుచేసుకోవాలి. మొదటిసారి తెరిచినప్పుడు ఇరవై నిమిషాలు పోయినా ఆశ్చర్యం లేదు. స్టీమ్ రిఫండ్‌కి గడువు 14 రోజులు, ఆట రెండు గంటల లోపు. గేమ్ తెరిచి ఉంచిన ఆ ఇరవై నిమిషాలూ రెండు గంటల్లోకే వస్తాయి, గుర్తుంచుకోండి.

ప్రశ్న: మెటాక్రిటిక్, ఓపెన్‌క్రిటిక్ – దేన్ని నమ్మాలి? – విజయవాడ

జవాబు: మెటాక్రిటిక్ ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి (స్విచ్, పీసీ, పీఎస్4 లాంటివి) విడిగా స్కోరు ఇస్తుంది. కాకపోతే కొన్ని పత్రికల మార్కులకి ఎక్కువ బరువు వేస్తుంది, ఎంతో చెప్పదు. ఓపెన్‌క్రిటిక్ బరువులు లేకుండా సగటు తీస్తుంది, కానీ అన్ని ప్లాట్‌ఫామ్‌లనూ కలిపేస్తుంది. హ్యాండ్‌హెల్డ్ వాడేవారికి మొదటిదే మేలు. 2020లో ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు రివ్యూయర్లకు పీసీ కాపీలే అందాయి. తర్వాత మెటాక్రిటిక్‌లో పీసీకి 86, పీఎస్4కి 57 దగ్గర తేలింది. రెండూ కలిపి చూసినవాడికి ఆ గొయ్యి కనబడేది కాదు. మీ ప్లాట్‌ఫామ్ మీద నొక్కి, ఎన్ని రివ్యూలున్నాయో కూడా చూడండి. నాలుగు వస్తే చాలు స్కోరు వేసేస్తారు. నాలుగింటి సగటుకీ అరవైయింటి సగటుకీ చాలా తేడా.

ప్రశ్న: మా అబ్బాయికి స్విచ్ 2 కొన్నాం. ‘పోకెమాన్ స్కార్లెట్’ కావాలంటున్నాడు. గేమ్‌ల సైట్ ఐజీఎన్ పదికి ఆరే వేసింది. అంత చెత్తదా? – డాలస్ నుంచి ఓ తల్లి

జవాబు: కొనండమ్మా. ఆ ఆరు 2022 నవంబరు నాటిది, పాత స్విచ్ మీద. అప్పుడు ఫ్రేములు పడిపోయేవి, దూరాన నడిచే మనుషులు బొమ్మలాట ఆడినట్టు గెంతేవారు. నింటెండో క్షమాపణ కూడా చెప్పింది. అప్పటికి ఆ మార్కు సబబే. 2025 జూన్‌లో స్విచ్ 2తో పాటే ఉచిత అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు 60 ఫ్రేముల దాకా నడుస్తోంది. పాత మార్కుని ఎవరూ తిరిగి దిద్దరు. అందుకే రివ్యూ తేదీ ముందు చూడాలి. అంకె పక్కన రాసిన కారణాలు కూడా చదవండి. 3డీఎస్ గేమ్ ‘పోకెమాన్ ఒమేగా రూబీ’కి అదే ఐజీఎన్ 2014లో 7.8 వేసి, లోపాల జాబితాలో ‘నీళ్లు మరీ ఎక్కువ’ అని రాసింది. జనం ఇప్పటికీ నవ్వుకుంటారు గానీ, ఆ రివ్యూలో నాకైతే తప్పు కనబడదు. సముద్రంలో ఈదుకుంటూ పోవడం మీ వాడికి ఇష్టమైతే అది లోపమే కాదు, అంతే.

స్కోరు చెప్పని విషయం ఇంకోటుంది. పాత స్విచ్ కార్ట్రిడ్జ్‌లు చాలావరకు స్విచ్ 2లోనూ నడుస్తాయి. స్విచ్ 2 కోసం వచ్చిన కొత్త గేమ్‌లలో కొన్నింటి పెట్టె ముందు భాగంలో కింద ‘గేమ్-కీ కార్డ్’ అని, తాళంచెవి గుర్తుతో ఉంటుంది. ఆ కార్డులో గేమ్ ఉండదు. మొదటిసారి ఇంటర్నెట్ నుంచి మొత్తం దించుకోవాలి, ఆ తర్వాత కూడా ఆడినప్పుడల్లా కార్డు లోపల ఉండాలి. కారులో దూర ప్రయాణం పెట్టుకుంటే ముందు రాత్రే ఇంటి వైఫై మీద దించి ఉంచండి. లోపలున్న 256 జీబీ చాలకపోతే ‘మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్’ అని రాసి ఉన్న కార్డే తీసుకోవాలి. పాత స్విచ్‌లోని మామూలు మైక్రోఎస్‌డీ కార్డు పెడితే ఫొటోలు, వీడియోలు కాపీ చేసుకోనిస్తుంది గానీ గేమ్‌లు ఎక్కించుకోనివ్వదు.